నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ

అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణము మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగును. మఱునాడు భీష్మైకాదశి, ఆనాడు రథోత్సవము. తూర్పునుండి కోనసీమ మీదుగా ఆ యాత్రకు పోవు భక్తులు గోదావరి పాయలలో నొకటియగు వైనతేయను దాటవలయును. వైనతేయుడనగా స్వామివారి వాహనమైన గరుత్మంతుడు. ఆయన పేరు ధరించిన ఆ పాయ ప్రాంతమున లంకల గన్నవరమను గ్రామము కలదు. ఇప్పుడది కోనసీమ జిల్లా పి.గన్నవరము మండలములోనిది. అచట పురాణము చెప్పిన క్షేత్రమేదియు లేదు. అయినను నూరేండ్లకు పూర్వము ఆకలిగొన్న బాటసారులు ఆ యూరి పేరును క్షేత్రనామమువలె తలచుచుండిరి. అందులకు కారణము అచటనున్న యొక గృహస్థుని వంటయిల్లు, ఆ వంటయింటి యిల్లాలు డొక్కా సీతమ్మ.

సీతమ్మ 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించెను. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారి కెల్ల అన్నము పెట్టుచుండుటచే భవానీశంకరముగారిని జనులు బువ్వన్న అని పిలుచుచుండిరట. పసిబిడ్డల భాషలో అన్నమును బువ్వ యందురు గదా! సభలలో పండితులు పెట్టు బిరుదములకంటె ఆకలిగొన్నవారు పెట్టిన యీ బిరుదము గొప్పదని నాకు తోచును.

ఆమె పుట్టిననాటి గోదావరీ తీరము నేడు మనము చూచు పచ్చని సీమ కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, డొక్కల కరువు వచ్చెను. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచెను. నాటి రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,308 మంది జనులుండగా 1841 నాటికి 5,61,041 మందియే మిగిలినట్లు దొరతనమువారి లెక్కలు తెలుపుచున్నవి. ఇరువదియేండ్లలో ఇంచుమించు నలుగురికొకరు తగ్గిరన్నమాట. చచ్చినవారు కొందఱు, ఊరు విడిచి పోయినవారు కొందఱు. (డొక్కల కరువునకును సీతమ్మ మెట్టినింటి పేరునకును సంబంధము లేదు. తిండి లేక పడిపోయినవారి డొక్కలు దారుల వెంబడి కానవచ్చుటచే ఆ కరువునకా పేరు వచ్చెను. డొక్కా యనునది యింటిపేరు. అయినను ఆ మాట వినినంతనే ఒకప్పుడు ఆకలియు, నిప్పుడు అన్నమును జ్ఞప్తికి వచ్చుట వింతయే.) ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. ఆ పిదప గన్నవరము వద్ద వైనతేయమీద 49 కమానులతో అక్విడక్టు కట్టి కాలువ నీటిని నదికి పైగా ఆవలి లంకకు దాటించిరి. నేల పండెను, గాదెలు నిండెను. కాని గాదెలు నిండుట యొకటి, బాటసారి విస్తరి నిండుట వేఱొకటి.

బాల్యముననే సీతమ్మ తల్లిని కోల్పోయెను. ఇంటి భారమును, ఆ యింటికి వచ్చు అతిథుల భారమును ఆ బాలికమీదనే పడెను. లంకల గన్నవరవాసి డొక్కా జోగన్న పంతులుగారు వేదము చదివినవారు, భూవసతి గల రైతు. ఆయన యొక పండితసభకు పోయి తిరిగివచ్చుచు మిట్టమధ్యాహ్నము మండపేటలో భవానీశంకరముగారి యింట నాగిరనియు, చిన్నది తత్తరపాటు లేక వేళకు చేసిన ఆతిథ్యమును చూచి ఆమెనే వివాహమాడ నిశ్చయించుకొనిరనియు పెద్దలు చెప్పుదురు. పెండ్లిచూపులలో పాట పాడింపక, నడిపించి చూడక, విస్తరి వేసిన తీరు చూచి వధువును వరించిన వరుడు మెచ్చదగినవాడు. సీతమ్మ కీర్తిని చెప్పువారు జోగన్న పంతులుగారిని ఒక్క వాక్యమున దాటిపోవుచుందురు. అది న్యాయము కాదు. గృహస్థుని ధాన్యము ఇల్లాలి చేతిమీదుగా పోవుటకు అతని యనుమతి కావలయును. ఒకనాటి యనుమతి చాలదు. ప్రతి పంటకును, ప్రతి గాదెకును కావలయును. ఆ అనుమతిని ఆయన జీవితమంతయు నిచ్చిరి.

ఆ యింట ధర్మము నడచిన తీరును కొంత వివరముగా చూడవలెను.

ఆ కాలమున సత్రములు లేకపోలేదు. రాజులును జమీందారులును ఈనాములిచ్చి నెలకొల్పిన సత్రములు చెన్నపురి రాజధానిలో పెక్కు కలవు. దేవాలయముల యాదాయముతోపాటు సత్రముల యాదాయమును సరిగా వినియోగపడునట్లు చూచుటకై దొరతనమువారు 1817లోనే ఏడవ రెగ్యులేషను చేసి రెవెన్యూ బోర్డునకు అధికార మిచ్చిరి. అట్టి శాసనము చేయవలసి వచ్చెననగా ధర్మము సొమ్ము అప్పటికే దారి తప్పుచుండెనని తెలియుచున్నది. సీతమ్మ యిల్లు ఈ జాతి సత్రము కాదు. దానికి ఈనాము లేదు, అధికారి లేడు, గుమాస్తా లేడు. ఆ దంపతుల సొంత పొలమున పండిన ధాన్యము గాదెలోనికిని, గాదెనుండి రోటిలోనికిని, రోటినుండి పొయ్యిమీదికిని పోవుచుండెను. లంక భూములలో అరటియు కొబ్బరియు కూరగాయలును కొరతపడవు. కావున విస్తరికిని వ్యంజనమునకును ఊరు దాటి పోవలసిన పని లేదు. కావలసినది బియ్యము, వంటచెఱకు, పాడి, అన్నిటికంటె మిక్కిలిగా మనుష్యుని ఒడలి శ్రమ.

సత్రములలో వేళ యుండును. గంట కొట్టిన తరువాత వచ్చినవాడు మఱునాటి గంటకై కాచుకొనవలెను. నదీపాయల నడుమనున్న దేశమున ఈ నియమము పనికిరాదు. పడవ దాటి వచ్చువాని వేళ వాని చేతిలో నుండదు. గాలి తిరిగినచో నొక జాము, వరద వచ్చినచో నొక దినము ఆలస్యమగును. ఎండ వాలిన పిదప రేవు దిగినవానికి ఏ యింట అన్నము మిగిలియుండును? ఈ సంగతి ఎఱిగిన యిల్లాలు గనుక సీతమ్మ వేళను అతిథికి విడిచి, తాను వేళకు బద్ధురాలు కాలేదు. పగలు వచ్చినను, రాత్రి వచ్చినను వండి పెట్టెను. ఇందరికింత యని ముందుగా లెక్క కట్టుట సత్రపు గుమాస్తాకు సాధ్యము. ఎప్పుడెందఱు వత్తురో తెలియని యిల్లాలికి సాధ్యము కాదు. పొయ్యి ఆఱకుండుటయే ఆమె లెక్క.

దూరపు బాటసారులే కాక ఊరివారును ఆ యింటిమీద ఆధారపడి యుండిరి. గర్భిణులకును, బాలింతలకును, రోగులకును తగిన పథ్యపు వంట వేఱుగా చేయించుచుండెనని చెప్పుకొందురు. అన్నదానమనగా ఒక్క పెద్ద గుండిగలో నొక్క వంట వండి అందఱికిని వడ్డించుటయని తలచువారు ఈ విషయమును గమనింపవలెను. బాలింతకు పనికివచ్చునది బాటసారికి చాలదు. బాటసారి తినునది జ్వరపడి లేచినవానికి హాని చేయును. ఎవరి కేమి పెట్టవలెనో తెలియుటకు ఊరిలో ఎవరెట్లున్నారో తెలిసియుండవలెను. చిన్న గ్రామమున నడచు ధర్మమునకు గల మేలిదియే. నగరములోని గొప్ప సత్రమునకు ఎంత ధనమున్నను ఇది యబ్బదు.

శ్రీవిష్ణుపురాణమున ఔర్వమహర్షి సగరునకు గృహస్థధర్మములను చెప్పుచు, బలిహరణము ముగిసిన పిదప గృహస్థుడు ఆవును పితుకునంత సేపైనను ముంగిట నిలిచి అతిథికై ఎదురుచూడవలెనని విధించెను. వచ్చినవాని గోత్రమును, అధ్యయనమును, కులమును అడుగరాదనియు, వానిని హిరణ్యగర్భునిగా భావింపవలెననియు నందే యున్నది. పాఠశాలలో మేమీ ఘట్టమును చదివితిమి, అన్వయము చెప్పితిమి, పరీక్షలో కృతార్థులమైతిమి. సీతమ్మ శాస్త్రము చదివినట్లు ఎవరును చెప్పరు. కులమతముల ప్రసక్తి లేకయే ఆమె అన్నము పెట్టెనని మాత్రము అందఱును చెప్పుదురు. నాటి కోనసీమ గ్రామములలో ఆచారము ఎంత బిగువుగా నుండెడిదో తెలిసినవారికి ఇందలి కష్టము తెలియును.

కీర్తి వ్యాపించినకొలది పరీక్షించువారును బయలుదేఱుదురు. పిఠాపురము మహారాజావారు ఈమె ఆతిథ్యమును గూర్చి విని మాఱువేషమున వచ్చి భుజించి తృప్తి పొందిరనియు, పిదప ఈ ధర్మము నిర్విఘ్నముగా నడచుటకై భూములిత్తుమనగా సీతమ్మ వినయముతో నిరాకరించెననియు జనశ్రుతి కలదు. పరుల భూమిమీద పండిన అన్నము పెట్టినచో అది తమ దానము కాజాలదని ఆమె యభిప్రాయమట. ఈ కథ విన్నప్పుడు నాకు రెండు విధములైన ఆలోచనలు కలుగును. గ్రామమున నలుగురు చేరి ధర్మసంస్థను పెట్టినపుడు దాతల భూమి, దాతల ధనము లేక యది నిలువదు. అట్టివారు సీతమ్మను ఆదర్శముగా చెప్పుకొని దానములను తిరస్కరించినచో ఆకలిగొన్నవారే నష్టపోదురు. అందుచే ఈ నిరాకరణము సంస్థలకు విధి కాదు; ఆ దంపతులు తమకు తాము పెట్టుకొన్న నియమము. అయినను ఇందొక రహస్యము కలదు. జమీందారు భూమి వచ్చిన మఱుక్షణమున లెక్క వచ్చును, లెక్కతోడ అజమాయిషీ వచ్చును, ఎవరికి పెట్టవలెనో ఎవరికి కూడదో చెప్పువాడు వచ్చును. ముంగిట నిలిచినవానికి అడుగకయే పెట్టు స్వాతంత్ర్యము పోవును. సీతమ్మ దాచుకొన్న ఆస్తి ఆ స్వాతంత్ర్యమే.

దానికి మూల్యము కూడ చెల్లింపవలసి వచ్చెను. ఎంత భూవసతి యైనను ఏండ్ల తరబడి ఇట్లు వ్యయపడినచో తరుగకుండునా? ఆస్తి తరుగుచున్నను ఆ యింట అన్నము తరుగలేదని చెప్పుదురు. పెరటిలో త్రవ్వగా నిధి దొరకినదని ఒక కథయు వినబడును. నిధి దొరకిన కథకంటె తరిగిన ఆస్తి కథయే నా మనస్సునకు ఎక్కువగా హత్తుకొనును. భాగవతమున రంతిదేవుడు 48 దినములు నీరు సైతము లేకుండి, తుదకు లభించిన అన్నమును వచ్చినవారికి పంచిపెట్టెను. మిగిలిన నీటినికూడ దప్పిగొన్నవానికి పోసెను. త్రిమూర్తులు ప్రత్యక్షమగుట ఆ పిమ్మటి మాట. చేతిలోని నీరు పోయునప్పుడు ఆయనకు దేవతలు వత్తురని తెలియదు.

ఇక యాత్రికులు తప్పక వినవలసిన కథ యొకటి. అంతర్వేది స్వామిని దర్శింపవలెనని సీతమ్మకు చిరకాలపు కోరిక. ఇంటినుండి అంతర్వేది బహుదూరము కాదు. కాని పొయ్యి విడిచి పోవుటకు వీలు చిక్కలేదు. ఎట్టకేలకు ఒకసారి పల్లకిలో బయలుదేఱెను. నడుమ నొకచోట బోయీలు పల్లకి దించి విశ్రమించుచుండగా ఒక పెండ్లివారి గుంపు ఎదురుగా వచ్చుచుండెను. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. ఇంకొంత దూరము ఓర్చుకొన్నచో గన్నవరము చేరుదుమనియు, అచట సీతమ్మ అన్నము పెట్టుననియు పెద్దలు వారిని ఊరడించుచుండిరి. ఆ మాటలు పల్లకిలోని సీతమ్మ చెవిని పడెను. వెంటనే పల్లకిని వెనుకకు త్రిప్పింపుమని బోయీలతో చెప్పి, అడ్డదారిని ఇల్లు చేరి, పెండ్లివారు వచ్చునప్పటికి వంట సిద్ధము చేసెనట.

స్వామి దర్శనమునకై సంకల్పించి నడుమ మఱలుట దోషము కాదా యని ఆచారవంతులు అడుగవచ్చును. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. వ్రతమునకును అతిథికిని విరోధము వచ్చినప్పుడేమి చేయవలయునను చిక్కు అంబరీషునకే వచ్చినది. ద్వాదశి గడియలు దాటిపోవుచున్నవి. పారణ చేయకున్న వ్రతభంగము. భోజనమునకు పిలిచిన దుర్వాసుడు నదినుండి రాలేదు; ఆయనకు ముందు భుజించినచో అతిథి తిరస్కారము. పెద్దల యనుమతితో రాజు నీరు మాత్రము పుచ్చుకొనెను. నీరు త్రాగుట భుజించుటయు నగును, భుజింపకుండుటయు నగును గదా. సీతమ్మకు అట్టి నడుమదారి లేకపోయెను. పల్లకి ముందుకైనను పోవలెను, వెనుకకైనను రావలెను. పిల్లల ఏడ్పు ధర్మశాస్త్ర విచారమునకు వ్యవధి యియ్యలేదు. తృతీయస్కంధమున కపిలమహర్షి తల్లి దేవహూతికి చేసిన యుపదేశమున ఈ సందేహమునకు సమాధానము దొరకును: సర్వభూతములయందున్న తన్ను ఉపేక్షించి ప్రతిమను మాత్రమే పూజించువాని పూజ బూడిదలో వేసిన ఆహుతి వంటిదని భగవానుడు తానే చెప్పినాడు. అర్చను తక్కువ చేయుట ఇందలి తాత్పర్యము కాదు. అర్చామూర్తి యెదుట నిలువబోవు భక్తునికి దారిలో ఎదురైనవాడును ఆ స్వామి సొత్తే యని భావము. అంతర్వేది నరసింహుడు ప్రహ్లాదుడను బాలుని మొఱ విని స్తంభమునుండి వెడలిన స్వామి. పసివారి ఆకలి విని వెనుదిరిగిన యిల్లాలిమీద ఆయనకు అలుక కలుగునా?

వరదరాత్రి ఆవలి యొడ్డున చిక్కుకొన్నవాని ఆకలికేక విని, అన్నము మూటకట్టించి పడవమీద పోయి పెట్టి వచ్చిరని మఱియొక కథయు ఆ ప్రాంతమున చెప్పుకొందురు. గోదావరి వరదను కన్నులార చూచినవారికి దానిని విస్తరింప బని లేదు.

ఈ కీర్తి దొరతనమువారి వఱకు పోయెను. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీలో దర్బారు జరిగెను. ఆ సందర్భముననే సీతమ్మ చేయుచున్న పేదల పోషణమును గుర్తించి ప్రభుత్వము ప్రశంసాపత్రము నిచ్చినది. ఆమెను దర్బారునకు పిలువనంపిరనియు, ఆమె పోవుటకు ఒప్పుకొనలేదనియు, అధికారి బ్రతిమాలి ఆమె ఛాయాపటమునైనను తీయించి పంపెననియు, చక్రవర్తి ఆ పటమునకు నమస్కరించెననియు లోకమున చెప్పుకొందురు. కడపటి మాటనుగూర్చి యొక సంగతి చెప్పక తప్పదు. 1903 దర్బారునకు ఎడ్వర్డు చక్రవర్తి స్వయముగా రాలేదు. ఆయన తమ్ముడు వచ్చెను. కావున ఢిల్లీలో చక్రవర్తి నమస్కరించిన కథ జనుల ప్రేమ పెంచినదిగా గ్రహింపవలెను. చక్రవర్తి నమస్కారము లేకున్నంత మాత్రమున పెండ్లివారి పిల్లలు తిన్న అన్నము తక్కువ కాదు. ఆమె ఛాయాపటము మాత్రము నిలిచినది. మనము నేడు పుస్తకములందు చూచుచున్న సీతమ్మ రూపము దానివలన తెలిసినదే.

నేడు అనేక గ్రామములలో చిన్న చిన్న ధర్మసంస్థలు నడచుచున్నవి. నలుగురు పెద్దలు చేరి దస్తావేజు వ్రాయించి, రిజిస్టరు చేయించి, బ్యాంకులో ఖాతా తెఱచి, ఏడాదికొకసారి లెక్కలు చూపుదురు. ఇది మంచి పద్ధతి. ఇట్లు చేయనిచో ఆ నలుగురి తరువాత ధర్మము నిలువదు. అట్టివారిలో కొందఱు సీతమ్మగారి పటమును గోడకు తగిలించి, భోజనశాల తలుపు సరిగా ఒంటిగంటకు మూయుట నేను చూచితిని. వంటవారికిని విశ్రాంతి కావలయును గదా యని వారందురు. నిజమే. కాని తలుపు మూసిన తరువాత వచ్చినవానికై ఒక గిన్నెడు అన్నము మూతపెట్టి యుంచుటకు దస్తావేజు అడ్డుపడదు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నమును సమృద్ధిగా చేయవలెననియు, వసతికై వచ్చినవానిని కాదనరాదనియు వ్రతముగా విధించినది. అందు గంట నియమము కానరాదు.

సీతమ్మ 1909 ఏప్రిల్ 28వ తేదీన పరమపదించెను. అప్పటికామెకు 67 ఏండ్లు. లంకల గన్నవరమున ఆ దంపతుల యిల్లు నేటికిని నిలిచియున్నది. వైనతేయమీది పాత అక్విడక్టు ప్రక్కనే తరువాతి కాలమున క్రొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలోని మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే ఉంచినది. మాఘమాసమున అంతర్వేదికి పోవు భక్తులు గన్నవరము వద్ద ఒక గడియ ఆగినచో, ఆమె పేరు మోయుచున్న ఆ వంతెనమీదుగా కాలువ నీరు నదిని దాటి ఆవలి పొలములకు పోవుట కన్నులార చూడవచ్చును.